మజ్రా వీసా

నేను జీతం తీసుకుంటున్న. మా బాపు జీతం ఉన్నడు. ఈ రెండు మాటల నడుమ తేడా తెలవాలంటే తెలంగాణ పల్లెల మాదిగింట్ల పుట్టాలె. నా జీతం నెలనెలా బ్యాంకుల పడుతది. డీఏ బకాయి పడితే మా ఉపాధ్యాయ సంఘపోల్లు ధర్నా చేస్తరు. బాపు జీతం అట్లగాదు. ఉగాదినాడు పటేలు గడంచె ముంగట నిలబడి తలకాయ ఊపితే, మల్ల ఉగాది దాంక ఆ మనిషి పటేలుకే. ఏడాదికి ఇన్ని వడ్లు, ఒక గొంగడి, పండుగకు ఒక దోతి. చెప్పులు మాత్రం ఇయ్యరు. చెప్పులు కుట్టేది మేమేనాయె! పటేలుకు కిర్రుచెప్పులు కుట్టిచ్చిన మా తాత, కొడుకును ఉత్తకాళ్ళతోనే పసులెంట తోలిండు. సముద్రం దాటినంక ఈ జీతానికి వీసా అని పేరొచ్చింది. నేను చెప్పదలుచుకున్నది ఆ వీసా సంగతే.

బాపు తొమ్మిదేండ్లకు జీతానికి కుదిరిండు. తాత చేసిన అప్పు కింద. 1976ల వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది. ఆ సంగతి ఊరికి ఎరుక చెయ్యాలని కచేరికాడి నుంచి దండోరా ఏయించిండ్రు. దండోరా ఎవరేస్తరు? మా తాతే డప్పు మెడకు తగిలించుకొని, జీతాలు రద్దయినయని వాడవాడ తిరిగి చెప్పిండు. తెల్లారి బాపు ఎప్పటిలెక్కనే పటేలు కొట్టంల పెండ తీసిండు. ‘మరి రద్దయింది గదనే’ అని నేను పెద్దగైనంక అడిగితే, ‘డప్పు కొట్టినంత మాత్రాన అప్పు పోతదారా’ అన్నడు.

ఒక పటేలు దగ్గరి నుంచి ఇంకొక పటేలు దగ్గరికి పోవాలంటే మొదటి పటేలు ఒప్పుకోవాలె. ఎదిరించి పోయినోన్ని ఊర్లె ఇంకెవలు పెట్టుకోరు. పటేండ్లకు పొలంగట్టు పంచాయితి ఎంతున్నా ఈ ఒక్క సంగతిల మాత్రం అందరు ఒక్కటే. ఈ ముచ్చట గుర్తుంచుకోండ్రి, మల్ల పనికొస్తది.

1997ల నేను నాలుగో తరగతి. అప్పటికే మా దిక్కు, అంటే కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల ఊర్లల్ల, గల్ఫుకు పోని ఇల్లు తక్కువ. కాకపోతే ముందుగాల పోయింది కొద్దో గొప్పో భూమి ఉన్నోల్లు. వీసా కొనాలంటే కుదువ పెట్టనీకి ఏమన్న ఉండాలె గద. మా వాడోల్లు ఆఖరికి కదిలిండ్రు, కదిలినంక దొరికింది ఆఖరు వీసా. ఏజెంటు ‘మజ్రా వీసా, సస్త’ అన్నడు. మజ్రా అంటే అరబ్బీల పొలం, తోట. బాపు సంబరపడ్డడట. పొలం పని తనకు రాంది కాదు. నలభై అయిదు వేలు. అవ్వ పుస్తెలు పోంగ మిగిలినదంత నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిండ్రు. బాపు బొంబాయిల పన్నెండు రోజులు ఒక్క రూంల ముప్పై మందితోని పడుకున్నడు. అక్కడ చూపిన కాయిదం మీద ఆరు వందల రియాల్లు. సౌదీల దిగినంక నాలుగు వందలు. అప్పట్ల రియాలుకు పది రూపాయలు అటుఇటు. అంటే నెలకు నాలుగు వేలు. అందులకెల్లి పదమూడు, పద్నాలుగు వందలు ఒట్టి మిత్తికే.

బాపు పాస్‌పోర్టు ఇప్పటికీ నా దగ్గర ఉన్నది. సంతకం పెట్టే జాగల ఏలిముద్ర. 1983ల మన దేశం వలస చట్టం చేసింది. సదువురానోడు గల్ఫు అసొంటి దేశాలకు కూలికి పోతే మోసపోతడని, ప్రభుత్వ అధికారి కాయిదాలు చూసినంకనే విమానమెక్కనియ్యాలని ఏర్పాటు. ఉద్దేశం మంచిదే. మా బాపు కాయిదాలను ఆ అధికారి చూసిండో, ఏజెంటే చూపించిండో బాపుకు తెల్వది. ‘ముద్ర పడ్డది’ అని మాత్రం తెలుసు.

కసీం అనేది సౌదీల నడుమ ఉన్న ప్రాంతం. బురైదా దాని పెద్ద పట్నం, ఖర్జూరాలకు పేరున్నది. బాపు తోట ఆ బురైదాకు ఇంకా గంటకు పైన దూరం. ఎడారంటే ఇసుకే అనుకున్న నేను. బాపు క్యాసెట్ల చెప్పిండు, బోర్లేసి నీళ్ళు తోడి గోధుమలు పండించిండ్రని, మర మీద పైపు గుండ్రంగ తిరుగుతుంటే పొలమంత పెద్ద పచ్చటి పళ్ళెం లెక్క ఉంటదని. (అవును, క్యాసెట్లనే. బాపుకు రాయరాదు. రూంల టేపురికార్డరుల మాట్లాడి, ఊరికొచ్చేటోని చేతికి క్యాసెట్ ఇచ్చేది. వాడకట్టంత కూసొని ఇనేది. బదులు రాసుడు నా పని. కఫీలు పోస్టుబాక్సు నంబరు, ఊరు పేరు ఇంగ్లీషుల బొమ్మ గీసినట్టు గీసేటోన్ని. నాకు ఇంగ్లీషక్షరాలు అట్లనే కుదిరినయి.) ఆ గోధుమ సాగు నిలవలేదు. అడుగు నీళ్ళు అయిపోతున్నయని 2008ల సౌదీ ప్రభుత్వమే ఆపాలని నిర్ణయించి 2016 నాటికి కొనుడు బంద్ చేసింది. ఖర్జూరం మాత్రం ఉన్నది.

ఖర్జూర చెట్టు మన ఈత చెట్టుకు అన్న అసొంటిది. ఎండాకాలం రాకముందు మగచెట్టు పూతను తెంపి, ఆడచెట్టెక్కి గెల గెలకు చేతితోని పెట్టాలె, లేకపోతే కాయ పట్టది. ఆ తర్వాత గెలలు వంచి కట్టాలె, ముండ్లు చెక్కాలె, ఆగస్టుల కోత. మా ఊర్ల చెట్టెక్కేది గౌండ్లోల్లు, మోకు వాళ్ళదే, ముస్తాదు వాళ్ళదే. మాదిగోడు ఈత చెట్టు ముట్టుకుంటే కల్లు ఎవడు తాగుతడు? ముప్పై ఏడేండ్ల వయసుల బాపు మొట్టమొదటిసారి నడుముకు తాడు కట్టుకొని చెట్టెక్కిండు. ‘పైకెక్కి చూస్తే ఎవ్వలు లేరు బిడ్డా, మంచిగనిపించింది’ అన్నడు క్యాసెట్ల. చెట్టు దిగినంక బర్సీం గడ్డి కోసుడు, గొర్లకు నీళ్ళు, కఫీలు ఇంట్ల ఊడ్సుడు. ఏది పని, ఏది కాదు అని కాయిదంల ఉండదు. జీతగాని పనికి హద్దు రాసినోడెవడు?

ఇగ అసలు సంగతికొస్త. మజ్రా వీసా మీద పోయినోనికి ఆ దేశపు కార్మిక చట్టం వర్తించలేదు. 1969ల వచ్చిన సౌదీ చట్టంల పొలం పనోల్లు, పశువుల కాపర్లు, ఇంటి పనోల్లు మినహాయింపు. మర నడిపేటోల్లకు, పెద్ద వ్యవసాయ కంపెనీలల్ల చేసేటోల్లకు కొంత వెసులుబాటు ఉన్నది గాని, ఒక కఫీలు తోటల ఒక్కడే పడి ఉన్నోనికి లేదు. 2005ల కొత్త చట్టం తెచ్చిండ్రు, మల్ల అదే మినహాయింపు. 2021 మార్చిల యజమానిని మార్చుకునేతందుకు, యజమాని ఒప్పుకోకపోయినా దేశం విడిచి వచ్చేతందుకు సడలింపులిచ్చిండ్రు, పేపర్లన్ని మెచ్చుకున్నయి. కింద చిన్నక్షరాలల్ల ఉన్నది: ఇంటి పనోల్లు, డ్రైవర్లు, తోటమాలులు, పొలం కూలీలు, గొర్ల కాపర్లు ఇందులకు రారు. ఎనిమిది గంటల పని, ఓవర్‌టైం, వారానికొక సెలవు, లేబర్ కోర్టు, ఇవన్ని ఊరు. మజ్రా, ఇల్లు, గొర్లదొడ్డి, ఇవి వాడ. ఊరు ఎంత మారినా వాడ ఊరవతలనే ఉంటది.

అరబ్బోల్లను తిట్టి మనం మంచోల్లమైపోవద్దు. నేను సోషల్ చెప్తా. మా పటేలు మనుమడు డాలస్‌ల ఉంటడు, హెచ్-1బి. మా ఊర్లె ఏబీసీడీలు రాని ముసలమ్మలకు గూడ హెచ్-1బి తెలుసు. 2025 సెప్టెంబర్ల కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు అని ట్రంప్ అంటే మన టీవీలు వారం రోజులు ఏడ్చినయి. ఆ వీసాకు తోబుట్టువు ఒకటి ఉన్నది, హెచ్-2ఏ. 1952 నాటి చట్టంల హెచ్-1, హెచ్-2 అని పక్కపక్కనే పుట్టినయి. 1986ల హెచ్-2ను చీల్చి పొలం కూలీలకు 2ఏ అని పెట్టిండ్రు. 1990ల చదువుకున్నోల్లకు 1బి వచ్చింది. 1బికి పరిమితి, లాటరీ. 2ఏకు ఏటా ఇన్ని అని పరిమితి లేదు. 2023ల మూడు లక్షలకు పైన ఇచ్చిండ్రు, అందులల్ల తొంబై శాతం మెక్సికో వాళ్ళే. పరిమితి లేదంటే గౌరవమనుకునేరు. కోతకు మనుషులు ఎంతమంది కావాలంటే అంతమంది రావాలె, కోతలయినంక పోవాలె, అంతే. డాలస్ మనుమడు గ్రీన్‌కార్డు కోసం ఏండ్లకేండ్లు లైన్ల నిలబడుతడు. హెచ్-2ఏ మీద పోయినోనికి నిలబడనీకి తన లైనే లేదు.

సౌదీ మజ్రా కంటే ఈ వీసా చానా మేలు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. కూలీ దగ్గర భర్తీ ఫీజు తీసుకోవద్దని రాసున్నది, ఉండనీకి ఇల్లు యజమానే ఇయ్యాలె, రానుపోను ఛార్జీలు ఇయ్యాలె, ఒప్పుకున్న పనిగంటలల్ల నాలుగింట మూడు వంతులకు కూలి గ్యారంటీ. మా బాపుకు ఇందుల ఒక్కటున్నా మా అవ్వ పుస్తెలు మిగిలేటియి. అయినా మనిషి ఏ యజమాని దరఖాస్తు పెడితే ఆ యజమాని దగ్గరికే. ఇంకోని దగ్గరికి పోవాలంటే ఆ ఇంకోడు మల్ల దరఖాస్తు పెట్టాలె. మినహాయింపు రోగం అక్కడ గూడ ఉన్నది. 1935ల అమెరికాల కార్మికులకు సంఘం పెట్టుకునే హక్కు చట్టం చేస్తే అందులకెల్లి పొలం కూలీలను, ఇంటి పనోల్లను తీసేసిండ్రు. అదే ఏడు ముసలితనం పింఛను చట్టంలకెల్లి తీసేసిండ్రు. 1938ల కనీస వేతనం, ఓవర్‌టైం చట్టం చేస్తే పొలం కూలీలకు అది గూడ లేదు. ఎందుకు? దక్షిణాది రాష్ట్రాలల్ల పొలంల, వంటింట్ల పని చేసేది ఎక్కువ నల్లోల్లు. వాళ్ళను కలిపితే అక్కడి భూస్వాముల ప్రతినిధులు ఓటెయ్యరు. పొలం కూలికి కనీస వేతనం 1966 దాంక రాలే. ఓవర్‌టైం ఆ దేశపు కేంద్ర చట్టంల ఇప్పటికి లేదు. మన వలస చట్టం వచ్చిన 1983లనే అమెరికా గూడ వలస కూలీల రక్షణకొక చట్టం చేసుకున్నది. హెచ్-2ఏ వీసా మీద వచ్చినోల్లు అందులకు రారు!

అంతకుముందు 1942 నుంచి 1964 దాంక బ్రసెరో అని ఒక ఒప్పందం ఉండె. యుద్ధానికి మనుషులు పోతే పొలాలకు మెక్సికో నుంచి కూలీలను తెచ్చుకున్నరు. సరిహద్దుల బట్టలిప్పించి డీడీటీ పొడి కొట్టిండ్రు. మొదటి ఏండ్లల్ల కూలిల పదోవంతు పట్టుకున్నరు, మీ దేశం పోయినంక బ్యాంకుల తీసుకోండ్రని. చానామందికి ముట్టలేదు. కాలిఫోర్నియాల వాళ్ళ చేతికిచ్చిన పార కట్టె చానా పొట్టిగ ఉంటుండె. నడుం వంగి ఉన్నడా లేదా అని మేస్త్రీకి దూరం నుంచి కనవడాలె. ఎవడు నిటారుగ నిలబడితే వాడు పని ఎగ్గొట్టినట్టు. ఆ పారను 1975ల బంద్ పెట్టించిండ్రు. ఇది చదివిన్నాడు నేను అవ్వ నడుం దిక్కు చూసిన. పసుపు చేన్ల కలుపు తీసి తీసి, పొద్దుగూకితే బీడీల చాట ముంగటేసుకొని వంగి వంగి, ఆమె ఇప్పుడు నిలబడ్డా వంగినట్టే ఉంటది. బాపు లేని ఆరేండ్లు మమ్ముల సాదింది ఆ బీడీలే.

ఒక మాట మాత్రం బాపు ఎప్పుడు చెప్పినా ఒకేతీరుగ చెప్తడు. కఫీలు నెలల కొద్ది పైసలియ్యకపోయేది, ఎదురు మాట్లాడితే చెయ్యి లేపేది. కాని రంజాన్ నెలల తోటకొస్తే పెద్ద పళ్ళెంల బువ్వ పెట్టుకొని బాపును పక్కన కూసోబెట్టుకొని అండ్లనే చెయ్యి పెట్టి తినేది. ‘మా పటేలు నా పైసలు గూడ ఎగబెట్టిండు, గిన్నె గూడ ఏరే పెట్టిండు. ఈడు పైసలొక్కటే ఎగబెట్టిండు’ అంటడు. దీన్ని ఎట్ల లెక్కగట్టాలెనో నాకు తెల్వది. ఇంకొక దిక్కు, పక్క తోటల మన జిల్లా వాళ్ళే ముగ్గురు ఉంటుండె. శుక్రవారం కలిసి వండుకుందమని బాపును పిలిచిండ్రు. రెండో శుక్రవారం ఒకాయన మెల్లగ అడిగిండట, ‘అన్నా, మీ ఇల్లు ఊర్ల ఏ దిక్కు?’ బాపు అబద్ధం చెప్పలే. మూడో శుక్రవారం పిలుపు రాలే. నాలుగు వేల కిలోమీటర్ల అవతల, ఇసుకల, నలుగురే నలుగురు తెలుగోల్లు. అండ్ల గూడ వాడ కట్టిండ్రు.

పదకొండు నెలల జీతం ఆగింది. బాపు అడిగిండు. పాస్‌పోర్టన్న ఇయ్యి, పోత అన్నడు. కఫీలు పోయి ‘హురూబ్’ రాయించిండు, అంటే నా పనోడు పారిపోయిండని ఫిర్యాదు. తోటల చెట్టు మీద ఉన్న మనిషి కాయిదంల పారిపోయిండు! అకామా రద్దు. అప్పుడు నిజంగనే పారిపోయిండు. మనోల్లు దాన్ని ఖల్లివెల్లి అంటరు. రియాద్‌ల ఇటికెలు మోసిండు, కూరగాయల మార్కెట్ల హమాలి చేసిండు. కొంత కూడబెట్టింది గూడ ఆ దొంగతనపు బతుకులనే, చట్టబద్ధంగ ఉన్నన్ని నాళ్ళు కాదు. వీసా ఉన్నప్పుడు ఒక్కడే కఫీలు, వీసా పోయినంక ఎవడు ఎక్కువిస్తే వాడు. పోలీసు కంటపడకుండ ఉంటే చాలు. 2003ల దొరికి, జైల్ల నెలన్నర ఉండి, ఔట్‌పాస్ మీద వచ్చిండు. నేను టెన్త్ రాసిన ఏడు. చేతిల ఒక ప్లాస్టిక్ సంచి. అండ్ల రెండు లుంగీలు, చెట్టెక్కే తాడు. ఆ తాడు ఎందుకు తెచ్చిండో ఇప్పటికీ చెప్పడు. ఇప్పుడు బర్రెను కడుతున్నం దానితోని.

బెన్యామిన్ అనే మలయాళ రచయిత 2008ల రాసిన ‘ఆడుజీవితం’ నవల సినిమాగా 2024ల తెలుగుల గూడ వచ్చింది. బాపును ఎంటబెట్టుకొని జగిత్యాల తీస్కపోయిన. గొర్లదొడ్డిల చిక్కుకున్న మనిషి కథ. బాపు కదలకుండ చూసిండు. బయటికొచ్చినంక ‘మంచిగ తీసిండ్రు, కాని వాసన రాలే’ అన్నడు.

ఇప్పుడు మా అక్క కొడుకు. పోయిన వారం ఫోన్ల వీసా ఫోటో పట్టుకొని వచ్చిండు. నా బడిలనే, నా దగ్గరనే చదివి టెన్త్ పాసైండు. ఇంటర్ తప్పిండు. ‘మామా, క్లీనింగ్ కంపెనీ, పన్నెండు వందల రియాల్లు, లచ్చా ఇరువై వేలు, అండ్ల సగం కట్టిన’ అన్నడు. లైసెన్సున్న ఏజెంటు ముప్పై వేలు, పైన జీఎస్టీ తప్ప తీసుకోవద్దని రూలున్నదని చెప్పిన. ‘లైసెన్సున్నోడు మనకు ఏడ దొరుకుతడు మామా?’ అన్నడు. ఏజెంటుకు ఫోన్ చేసిన. వాడు సంతోషంగ మాట్లాడిండు: ‘సార్, పిలగాడు టెన్త్ పాస్ గద! చెకింగ్ లేని పాస్‌పోర్టు, ఎవ్వల కిరికిరి ఉండది, సీదా విమానమే’. నిజమే. టెన్త్ పాసైనోని పాస్‌పోర్టు మీద ఆ ముద్ర ఉండది. సదువుకున్నోడు మోసపోడని సర్కారు లెక్క. వాడవాడ తిరిగి, తల్లిదండ్రుల గదుమలు పట్టుకొని మేం పాస్ చేయించుకున్న టెన్త్ ఇట్ల గూడ అక్కరకొస్తది.

వీసాల పని పేరు అరబ్బీల ఉన్నది. నాకు రాదు. మా బడిల ఉర్దూ సారును ఇంటికి పిలిచిన. అక్షరాలు తెలుసు గాని అర్థం సరిగ రాదని ముందే చెప్పి, అద్దాలు పెట్టుకొని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని చదివిండు: ‘రాయీ... గనం.’

అర్థమేందో ఫోన్ల వెతుకుదమని నేను చూస్తున్న. గడంచె మీద పండుకున్న బాపు లేచి కూసున్నడు.

‘గొర్లకాడికి,’ అన్నడు.

ఎవ్వలం మాట్లాడలే. అక్క కొంగు నోట్లె పెట్టుకున్నది. బాపు మనుమన్ని దగ్గరికి పిలిచి, పాస్‌పోర్టు ఏడ అని అడుగుడు ‘వేన్ జవాజ్’, జీతమేది అని అడుగుడు ‘వేన్ రాతిబ్’ అని రెండు ముక్కలు నేర్పిండు. పిలగాడు సిగ్గుపడుకుంట అన్నడు. మల్ల అనమన్నడు. గట్టిగ అనమన్నడు.

కట్టిన అరవై వేలు వాపసు అడగనీకి బావ, నేను రేపు జగిత్యాల పోతున్నం. బాపు గూడ వస్త అంటున్నడు.